శాంతియుత నిరసనకు దారి వదలండి: ఇద్దరు ముఖ్యమంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి, తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎనుముల రేవంత్ రెడ్డి గారికి నమస్కారాలు.

రెండు ప్రభుత్వాలకు కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. నిరసన తెలపడానికి బయలుదేరిన మనిషిని గడప దాటనివ్వకపోతే ఎలా ఉంటుందో మీ ఇద్దరికీ స్వయంగా తెలుసు. 2019 సెప్టెంబరు 11న ‘చలో ఆత్మకూరు’కు కదలనివ్వకుండా చంద్రబాబు నాయుడు గారిని ఉండవల్లి నివాసంలోనే ఆపేసినప్పుడు, గేటుకు తాళ్లు బిగించిన దృశ్యాన్ని రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. 2021 డిసెంబరులో ఎర్రవల్లిలో రచ్చబండకు వెళ్లబోతున్న రేవంత్ రెడ్డి గారిని పోలీసులు ఇంటి దగ్గరే అడ్డుకున్నారు. ఆ రెండు నిర్బంధాలనూ మీ పార్టీలు తీవ్రంగా ఖండించాయి, ఆ ఖండన న్యాయమైనదే. అదే న్యాయాన్ని ఇవాళ అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, మున్సిపల్ పారిశుధ్య కార్మికుడికి, కౌలు రైతుకు, కాంట్రాక్టు లెక్చరరుకు వర్తింపజేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి, ఏ పార్టీ సభ్యత్వమూ లేదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఏదైనా సంఘం ‘చలో విజయవాడ’ అనో ‘చలో అసెంబ్లీ’ అనో పిలుపు ఇస్తే చాలు, ముందురోజు రాత్రి నుంచే మండలాల్లో నాయకుల ఇళ్లకు పోలీసులు చేరుకుంటారు. నోటీసు మీద సంతకం పెట్టించుకుంటారు, బస్టాండులోనూ రైల్వే స్టేషన్‌లోనూ బ్యాగులు పట్టుకున్న ఆడవాళ్లను ఆపి ఎక్కడికమ్మా అని అడుగుతారు, టోల్‌గేట్ల దగ్గర బస్సుల్లోంచి దింపేస్తారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఈ పద్ధతి మాత్రం ఒక ప్రభుత్వం నుంచి మరొక ప్రభుత్వానికి చెక్కుచెదరకుండా అందుతోంది. దానికి ‘ముందస్తు అరెస్టు’, ‘గృహ నిర్బంధం’ అనే పేర్లు ఎంత అలవాటయ్యాయంటే, పత్రికలు కూడా వాతావరణ వార్తలాగా జిల్లా పేజీలో నాలుగు వాక్యాల్లో ముగిస్తున్నాయి.

2024 జనవరిలో మా మండలంలో చూసిన ఒక సంగతి చెబుతాను. అంగన్‌వాడీల చలో విజయవాడ రోజు, ఇంకా తెల్లవారకముందే ఒక టీచరు ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కానిస్టేబుల్ కూర్చున్నాడు. ఆమె వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తుంటే ఫొటో తీసి, ఇంట్లోనే ఉన్నట్టు రుజువుగా పై అధికారులకు వాట్సాప్‌లో పంపాడు. గంటకోసారి అదే పని. పాలకేంద్రానికి వెళ్లాలంటే కూడా అతన్ని అడిగి వెళ్లింది. ఆ కానిస్టేబుల్ మీద నాకేమీ కోపం లేదు, అతను ఆజ్ఞ పాటించాడు. కానీ ఆ టీచరు ఏ నేరమూ చేయలేదు, ఆమె మీద ఏ కేసూ లేదు, ఆమె దగ్గర ఉన్నది ఒక బస్సు టిక్కెట్టు, ఒక వినతిపత్రం నకలు. ఊళ్లో వాళ్ల ముందు, తన దగ్గర అక్షరాలు దిద్దుకునే పిల్లల తల్లుల ముందు ఆమె ఆ రోజంతా అనుమానితురాలిగా గడిపింది.

ఇది ఏ చట్టం కింద జరిగిందో అడిగితే స్పష్టమైన జవాబు దొరకదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19(1)(బి) అధికరణం ఇస్తోంది, దానిపై సహేతుకమైన ఆంక్షలు మాత్రమే విధించవచ్చని 19(3) చెబుతోంది. ముందస్తు అరెస్టుకు ఇప్పుడు ఆధారంగా చూపే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 170వ సెక్షన్ అయినా, కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) చేయడానికి ఎవరైనా పన్నాగం పన్నారని పోలీసు అధికారికి తెలిసి, అరెస్టు తప్ప మరో విధంగా ఆ నేరాన్ని ఆపలేమని తోచినప్పుడే వర్తిస్తుంది, అది కూడా 24 గంటలకు మించకుండా. వినతిపత్రం ఇవ్వడానికి బస్సెక్కడం ఏ నేరం కిందికి వస్తుంది? జిల్లాల్లో నెలనెలా ‘30 యాక్ట్ అమలులో ఉంది’ అని ఎస్పీ కార్యాలయాల నుంచి ప్రకటన వస్తుంది. 1861 నాటి పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపులు ఏ దారిలో, ఏ వేళలో సాగాలో నిర్దేశించడానికీ, లైసెన్సు తీసుకోమనడానికీ అధికారం ఇస్తుందే తప్ప, మొత్తంగా ఎవరూ గుమికూడకూడదనే శాశ్వత నిషేధానికి ఇవ్వదు. కందుకూరు సభలో తొక్కిసలాటలో 8 మంది చనిపోయిన తర్వాత, రోడ్లపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో ఇదే సెక్షన్ కింద వచ్చిన జీవో నంబరు 1ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టివేసింది. ఆ జీవోను వ్యతిరేకించినవారిలో ఇప్పుడు అధికారంలో ఉన్నవారు ఉన్నారు. 144వ సెక్షన్‌ను న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి వాడరాదని, పదే పదే అవే ఉత్తర్వులు ఇవ్వడం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు 2020లో అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. కొత్త సంహితలో ఆ సెక్షన్ నంబరు ఇప్పుడు 163 అయింది. సూత్రం మారలేదు.

చట్టం సంగతి ఇలా ఉండగా, ఆ చలో విజయవాడకు దారితీసిన అంగన్‌వాడీల 42 రోజుల సమ్మెను కొంచెం దగ్గరగా చూడమని కోరుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచరుకు అప్పట్లో అందుతున్నది నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. కనీస వేతనం ఇవ్వమని, గ్రాట్యుటీ ఇవ్వమని అడిగారు. గ్రాట్యుటీ అనేది వారు గాలిలోంచి పుట్టించిన కోరిక కాదు. గుజరాత్ అంగన్‌వాడీల కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వారికి వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. అంటే దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన మాటను అమలు చేయమని అడగడానికే లక్ష మందికి పైచిలుకు ఆడవాళ్లు 2023 డిసెంబరు 12న కేంద్రాలకు తాళాలు వేసి రోడ్డెక్కారు. మండల కేంద్రాల్లో షామియానాలు వేశారు, కింద పట్టాలు పరిచారు, సంక్రాంతి పండుగనూ అక్కడే గడిపారు. రిలే నిరాహార దీక్షలో ఏ రోజు ఎవరు కూర్చుంటారో ఒక నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాసుకున్నారు, అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల హాజరు రాసే అదే శ్రద్ధతో. మా మండల శిబిరంలో ఒక రాయి విసిరినవాళ్లు లేరు, ఒక అద్దం పగిలింది లేదు.

దానికి ప్రతిగా 2024 జనవరి 6న అప్పటి ప్రభుత్వం ఎస్మాను, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టాన్ని, ప్రయోగించింది. దీని గురించి నేను చాలా ఆలోచించాను. జీతం అడిగితే వీరు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకునే సేవకులు మాత్రమే అంటారు. పని ఆపితే మాత్రం 1971 నాటి అత్యవసర సేవల చట్టం కింద వీరి పని అత్యవసర సేవ అవుతుంది. పిల్లల ఆహారం, గర్భిణుల పోషణ నిజంగా అత్యవసరమే, ఆ మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అంత అత్యవసరమైన పనికి కనీస వేతనం ఎందుకు లేదో చెప్పగలిగిన ప్రభుత్వానికి మాత్రమే ఎస్మా ప్రయోగించే నైతిక అర్హత ఉంటుంది. చివరికి జనవరి 22 రాత్రి చర్చలు జరిగాయి, కొన్ని హామీలు వచ్చాయి, సమ్మె విరమించారు. ఆ చర్చలు డిసెంబరులోనే జరిపి ఉంటే పసిపిల్లల కేంద్రాలు అన్ని రోజులు మూతపడేవి కావు.

శాంతియుతంగా కూర్చున్నవారి మాట ఆలస్యంగానైనా చట్టంగా మారుతుందని చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊళ్లకు చేర్చిన కాలంలో, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన కూలి ఆడవాళ్లు తమ మగవాళ్ల కూలి డబ్బు ఎటు పోతోందో లెక్క వేసుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలబడ్డారు. ఊళ్లోకి సారా రానివ్వలేదు, ఆ తర్వాత వేలం పాటలు జరిగే చోటికే వెళ్లి కూర్చున్నారు, పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. అది మద్యం గురించిన నీతిబోధ అనుకునేవారు ఆ ఉద్యమాన్ని సగమే అర్థం చేసుకున్నట్టు. రోజుకూలి మీద ఇంటి ఇల్లాలికి హక్కు ఉందా, లేక ఎక్సైజు శాఖకు హక్కు ఉందా అన్నదే అక్కడి తగాదా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించినా, సారా మాత్రం తిరిగి దుకాణానికి రాలేదు.

రాజస్థాన్‌లో జరిగిన మరొక సంగతి మనకు నేరుగా సంబంధించింది. కరువు పనుల్లో కనీస వేతనం అందని కూలీలు, తమ పేరు మీద ఎంత డబ్బు డ్రా అయిందో చూపించమని, మస్టరు రోళ్ల (కూలీల హాజరు పట్టీల) నకళ్లు ఇవ్వమని అడిగారు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో మొదలైన వారి ధర్నా 40 రోజులు సాగింది. పట్టణవాసులు వారికి కూరగాయలు, ధాన్యం, డబ్బు ఇచ్చి ఆదుకున్నారు. ఆ కోరికే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది, అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలో సామాజిక తనిఖీగా చోటు చేసుకుంది. ఆ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. సామాజిక తనిఖీని ఒక ప్రత్యేక వ్యవస్థగా నిలబెట్టి దేశానికి దారి చూపినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఊరి మధ్య కూర్చుని, మస్టరులో పేరు చదివి, ఈ మనిషి పనికి వచ్చాడా, డబ్బు అందిందా అని అడిగే గ్రామసభ వెనుక బ్యావర్ ఫుట్‌పాత్ మీద కూర్చున్న నిరుపేదల ధర్నా ఉంది. వారిని ఆ రోజు ముందస్తుగా ఇళ్లలోనే ఆపేసి ఉంటే ఏమయ్యేదో దయచేసి ఆలోచించండి.

అన్ని పోరాటాలూ గెలుస్తాయని నేను చెప్పడం లేదు. చీరాల, పేరాల గ్రామాలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో నేతపనివారు సహా వేలాది మంది ఊరు వదిలి వెళ్లి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి ఎండకూ వానకూ తట్టుకుని ఉన్నారు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు, ఉద్యమం చల్లారింది, మున్సిపాలిటీ నిలిచింది. తక్షణ ఫలితం చూస్తే అది ఓటమే. కానీ ఆ పాలకుల పేర్లు ఇవాళ చీరాలలో ఎవరికీ గుర్తు లేవు, ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య పేరు ఇంకా పలుకుతారు.

రహదారులు దిగ్బంధిస్తే సామాన్యుడికి ఇబ్బంది కాదా అని మీ అధికారులు అడుగుతారు. అవుతుంది. అంబులెన్స్ ఆగితే, పరీక్షకు వెళ్లే విద్యార్థి ఆగితే దాన్ని నేను సమర్థించను, బస్సు తగలబెట్టినవాణ్ణి చట్టప్రకారం శిక్షించాలి. ప్రజల దారులను నిరవధికంగా ఆక్రమించరాదని 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట సబబే. అయితే నిరసనలు నిర్దేశిత స్థలాల్లో జరగాలని కూడా అదే తీర్పు చెప్పింది. అంతకు ముందు 2018 జులైలో జంతర్ మంతర్ విషయంలో నిషేధాన్ని తొలగిస్తూ, హక్కునూ సౌకర్యాన్నీ సమతూకం చేసేలా నిబంధనలు రూపొందించమని పోలీసులకు చెప్పింది. స్థలం చూపించకుండా, చూపించినా ఊరి చివర ఎవరికీ కనబడని చోట చూపించి, రోడ్డెక్కారని కేసు పెట్టడం ఆ తీర్పుల స్ఫూర్తికి తగదు.

హైదరాబాద్ ధర్నా చౌక్ చరిత్ర ఈ విషయంలో అందరికీ పాఠం. 2017లో ఇందిరా పార్కు దగ్గర ధర్నాలు వద్దని, నగర శివార్లకు పొమ్మని అప్పటి ప్రభుత్వం అంది. ఆ ఏడాది మే 15న అక్కడ జరిగిన ఉద్రిక్తత అందరికీ గుర్తుంది. 2018లో హైకోర్టు జోక్యంతో ధర్నా చౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వరి కొనుగోలు విషయంలో కేంద్రాన్ని నిలదీయడానికి సాక్షాత్తూ ముఖ్యమంత్రి, మంత్రులతో సహా అదే ఇందిరా పార్కు దగ్గర మహాధర్నా చేశారు. అధికారంలో ఉన్నవారికి కూడా తమకంటే పై అధికారంతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ధర్నా చౌకే దిక్కయింది. రేవంత్ రెడ్డి గారూ, మీరు 2023 డిసెంబరులో బాధ్యతలు స్వీకరించిన రోజే ప్రగతి భవన్ ముందు ఇనుప కంచె తీయించి, మర్నాటి నుంచి అక్కడ ప్రజాదర్బార్ మొదలుపెట్టించారు, దానికే తర్వాత ప్రజావాణి అని పేరు వచ్చింది. దాన్ని నేను మనసారా మెచ్చుకున్నాను. ఒక్కొక్కరుగా వచ్చి అర్జీ ఇచ్చేవారికి తీసిన కంచె, పదివేల మంది కలిసి అడగడానికి వచ్చినప్పుడు మళ్లీ బారికేడ్‌గా మారకూడదు. చంద్రబాబు నాయుడు గారూ, 2025 మార్చిలో మీ ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, 62 ఏళ్ల పదవీ విరమణ వయసు ప్రకటించింది. అది మంచి నిర్ణయం. ఆ మూడూ ఏళ్ల తరబడి ఎండలో కలెక్టరేట్ల ముందు కూర్చున్న ఆ ఆడవాళ్ల నినాదాల్లో ఉన్నవేనని కూడా మీకు తెలుసు.

బాధాకరమైన రెండు తేదీలు కూడా తలచుకోక తప్పదు. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపును నిరసిస్తూ అసెంబ్లీ వైపు బయలుదేరినవారిపై బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2007 జులై 28న భూపోరాటంలో భాగంగా బంద్ జరుగుతుండగా ఖమ్మం జిల్లా ముదిగొండలో కాల్పులకు ఏడుగురు బలయ్యారు. ఒకటి తెలుగుదేశం పాలనలో, మరొకటి కాంగ్రెస్ పాలనలో. కరెంటు చార్జీ గానీ ఇంటి స్థలం గానీ ప్రాణం తీయాల్సిన కోరికలు కావు. ఇంకోవైపు, అడవుల్లో ఆయుధాలు పట్టినవారిని జనజీవన స్రవంతిలోకి రమ్మని, సమస్యలుంటే ప్రజాస్వామ్య పద్ధతిలో పోరాడమని మీ ప్రభుత్వాలు పిలుస్తున్నాయి. ఆ పిలుపును నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే ఆయుధం దించి బయటికి వచ్చిన గిరిజన యువకుడు రేపు పోడు పట్టా కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయం ముందు కూర్చోవడానికి బయలుదేరితే, అతని గుడిసె ముందు ఏముంటుంది? పోలీసు కుర్చీ ఉంటే ఆ పిలుపుకు విలువ ఏముంటుంది?

అందుచేత నేను కోరేవి ఇవి. గృహ నిర్బంధం పేరుతో ఎవరినీ ఇంట్లో ఆపరాదని, 170వ సెక్షన్ వాడితే కారణాలు రాతపూర్వకంగా ఆ వ్యక్తికి ఇవ్వాలని మీ ఇద్దరూ మీ పోలీసు డైరెక్టర్ జనరళ్లకు లిఖిత ఆదేశం ఇవ్వండి. ప్రతి జిల్లా కేంద్రంలో కలెక్టరేటుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, నీళ్లు, నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఉన్న ధర్నా స్థలాన్ని గుర్తించి నోటిఫై చేయండి. అనుమతి కోసం దరఖాస్తు చేస్తే ముందురోజు రాత్రి వరకు నానబెట్టకుండా నిర్ణీత గడువులో తేల్చాలి, తిరస్కరిస్తే కారణం చెప్పాలి, గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే లెక్క కావాలి. గౌరవ వేతనంపై పనిచేసేవారి మీద ఎస్మా ప్రయోగించే ముందు, కార్మిక శాఖ సమక్షంలో చర్చలు జరిపి ఆ చర్చల మినిట్స్ బయటపెట్టడాన్ని తప్పనిసరి చేయండి. శాంతియుత ధర్నాల్లో పాల్గొన్నందుకు మాత్రమే అంగన్‌వాడీలపై, ఆశాలపై, రైతులపై, విద్యార్థులపై పెండింగ్‌లో ఉన్న కేసులను సమీక్షించి ఎత్తివేయండి. పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గరా, ఉద్యోగ నియామకం దగ్గరా ఆ కేసులు పిల్లల జీవితాలకు అడ్డం పడుతున్నాయి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు, ఖజానా మీద పెద్ద భారమూ పడదు. రెండు రాష్ట్రాల హోం శాఖలు ఈ అంశాలపై ఉత్తర్వులు జారీ చేయాలని, సాధ్యం కానిది ఏదైనా ఉంటే అది ఎందుకు సాధ్యం కాదో ప్రజలకు బహిరంగంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు